వడ్లు తిరగేసే మనిషి వేగం

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు నెల్లూరు. మోటారు వాహనాల తనిఖీ అధికారిని. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉందనగా, మార్చి నెలాఖరులో, వరి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, కొడవలూరు దాటాక సముద్రం వైపు వెళ్లే తారు రోడ్డు మీద ఒక ప్రమాదం జరిగింది. ఐసు దిమ్మెలు వేసుకుని పట్టపుపాలెం వెళుతున్న వ్యాను కింద పడి పెంచలమ్మ అనే కూలీ మనిషి చనిపోయింది. వ్యానును పరీక్షించి నివేదిక ఇవ్వమని మరునాడు పోలీసులు మా ఆఫీసుకు రాశారు. అది మాకు మామూలు పనే.

మా పని ఎలా ఉంటుందో తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. ప్రమాదం జరిగిన ప్రతి బండినీ మేము చూస్తాము. బ్రేకు పనిచేస్తోందా, స్టీరింగు బిగువుగా ఉందా, టైర్లు అరిగాయా, లైట్లు వెలుగుతున్నాయా అని పరీక్షించి ఒక ఫారం నింపుతాము. ఆ ఫారం చివర ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు, అని. బండి బాగుంటే ఆ వాక్యం కింద సంతకం చేస్తాము. ముప్పై ఏళ్లలో ఆ వాక్యం కింద ఎన్ని సంతకాలు చేశానో లెక్కలేదు. ఆ వాక్యానికి అర్థం బండి బాగుందని మాత్రమే. కానీ పోలీసులు, వకీళ్లు, పత్రికలవాళ్లు అందరూ దాన్ని ఇంకోలా చదువుకుంటారు. బండిలో తప్పు లేదంటే తప్పు డ్రైవరుదే అన్నమాట! రోడ్డుకు తప్పుంటుందని గానీ, రోడ్డు మీద ఏదో పరిచినవాడికి తప్పుంటుందని గానీ ఆ ఫారం కనిపెట్టినవాడికి తోచలేదు. ఈ సంగతి తలచుకుంటే ఈ రోజుకీ నాకు ఒళ్లు మండుతుంది.

నేను స్టేషనుకు వెళ్లేసరికే అక్కడ కేసు తేలిపోయి ఉంది. సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు నాకు మర్యాదగా కుర్చీ వేయించి, టీ తెప్పించి, మీ పని తేలిక చేశాను సార్ అన్నారు. తన ఫోను తీసి ఒక వీడియో చూపించారు. ప్రమాద స్థలానికి ఎదురుగా ఉన్న పంక్చరు షాపు కెమెరాలో పడిన దృశ్యం అది. ఒక స్థానిక చానలువాళ్లు దాన్ని ఎలాగో సంపాదించి, పైన తమ పేరు, కింద ఎర్రటి పట్టీ మీద పరుగెత్తే అక్షరాలు తగిలించి వదిలారు. జిల్లా అంతా చూసేసింది. ఆ దృశ్యంలో వ్యాను కరెంటు స్తంభం దగ్గర కనిపించి, రివ్వున దూసుకుపోయి, కల్వర్టు గోడ దాటి మాయమవుతుంది. గుద్దుకోవడం కనిపించదు. అది కల్వర్టుకు అవతల జరిగింది.

సర్కిల్ గారు చదువుకున్న మనిషి. చూసి ఊరుకోలేదు, లెక్క కూడా వేశారు. స్తంభం నుంచి కల్వర్టు గోడ దాకా టేపు పట్టించి కొలిపించారు. యాభై మీటర్లు వచ్చింది. వ్యాను ఆ యాభై మీటర్లు దాటడానికి ఎంతసేపు పట్టిందో ఫోనులోని స్టాప్‌వాచీతో పదిసార్లు చూశారు. రెండు సెకన్లు వచ్చింది. దూరాన్ని కాలంతో భాగిస్తే సెకనుకు ఇరవై ఐదు మీటర్లు. దాన్ని మూడు పాయింట్ ఆరుతో హెచ్చవేస్తే గంటకు తొంభై కిలోమీటర్లు. ఎనిమిదో తరగతి పిల్లలు వేసే లెక్కే. ఎక్కడా పొరపాటు లేదు. ఆయన పై అధికారి పత్రికలవాళ్ల ముందు ఆ అంకె చెప్పేశారు. తెల్లారేసరికి పేపర్లో తొంభై కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చిన మృత్యువు అని అచ్చయింది. అంకె తగిలించి చెబితే ఎంతటి మాటయినా జనం నమ్ముతారు. అంకెకు ఎదురు ప్రశ్న వేయడం మనకు బడిలో ఎవరూ నేర్పలేదు.

డ్రైవరు పేరు దేవదానం. నలభై ఐదేళ్ల మనిషి. పక్క ఊళ్లో చర్చికి ఆనుకుని ఉన్న వీధిలో ఇల్లు. స్టేషను వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అరెస్టు రాసి కోర్టుకు పంపే ఏర్పాట్లలో ఉన్నారు. పద్ధతి ప్రకారం డ్రైవరును కూడా రెండు ప్రశ్నలు అడగాలి కనుక అడిగాను. అతను లేచి నిలబడ్డాడు.

"నలభై, నలభై ఐదులో ఉండానంతే సార్. ఐసు దిమ్మెలు ఏసుకోని తొంభైలో ఎవుడన్నా పోతాడా? మలుపులో దిమ్మె జారిందంటే బండే పక్కకి పడిపోద్ది."

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. రోడ్డు మీద సగానికి పైగా వడ్లు పరిచి ఉన్నాయి. మిగిలిన సగంలో తను పోతున్నాడు. కల్వర్టు దాటగానే అదే సగంలో ఎదురుగా ఒక బైకు వచ్చింది. బైకువాణ్ణి తప్పించడానికి వడ్ల మీదికి దిగి బ్రేకు తొక్కాడు. పెంచలమ్మ అక్కడే వంగి వడ్ల కుప్ప మీద పట్ట సర్దుతోంది.

"చక్రాలు ఆగినాయి సార్. బండి ఆగలా. కింద నేలే పరిగెత్తినట్టుండింది."

ఈ మాట ముందే చెప్పావా అని అడిగాను. చెప్పినాను సార్, రాసుకోలా అన్నాడు. సర్కిల్ గారు పక్క నుంచి, అందరూ అదే చెబుతారు సార్, తొంభైలో పోయినానని ఎవడు ఒప్పుకుంటాడు అన్నారు. అదీ నిజమే. నేను వ్యాను దగ్గరికి వెళ్లాను.

బ్రేకులు బాగున్నాయి. ఖాళీ రోడ్డు మీద నడిపి, తొక్కి చూశాను. ఎక్కడ తొక్కితే అక్కడ నిలబడింది. టైర్లు కొత్తవే, గాడులు లోతుగా ఉన్నాయి. ఆ గాడుల నిండా వడ్లు. మట్టి ఇరుక్కున్నట్టు గట్టిగా ఇరుక్కుని ఉన్నాయి. మడ్‌గార్డు లోపల కూడా పిడికెడు గింజలు దొరికాయి. తారు మీద వడ్లుంటే చక్రం తారును పట్టుకోలేదు. గింజల మీద దొర్లుకుంటూ పోతుంది. ఆవాలు చిందిన గచ్చు మీద కాలు పెట్టినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

ప్రమాద స్థలానికి వెళితే అక్కడ ఒక్క గింజ లేదు. ఊడ్చేశారు. పొరక గీతలు మాత్రం దుమ్ములో స్పష్టంగా కనిపిస్తున్నాయి. వడ్ల చుట్టూ హద్దుగా పెట్టిన బండరాళ్లు రోడ్డు నడుమ వరసగా అలాగే ఉన్నాయి. మనిషి ప్రాణం పోయిన గంటలోపే ధాన్యం గోదాముకు చేరింది, రాళ్లు మాత్రం మళ్లీ రేపటికి పనికొస్తాయని వదిలేశారు!

ఆ వడ్లు ఎవరివో ఊళ్లో అందరికీ తెలుసు. అక్కడికి కూతవేటు దూరంలో ఒక రైసుమిల్లు ఉంది. రోడ్డు మీద వడ్లు ఎండబోసుకునే చిన్న రైతు మీద నాకెప్పుడూ కోపం రాలేదు. వాడికి కళ్లం లేదు. వాన మబ్బు పడితే వాడి ఏడాది కష్టం ముక్కిపోతుంది. ఓ పక్కగా నాలుగు బస్తాలు పోసుకుని, పక్కనే గొడుగేసుకుని కూర్చుంటాడు. ఈ మిల్లుకు సిమెంటు కళ్లం ఉంది. అది నిండిపోతే సర్కారు రోడ్డును ఇంకో కళ్లం చేసుకున్నారు. రెండు ఫర్లాంగుల పొడవునా సగం రోడ్డు వాళ్లదే. పెంచలమ్మ వాళ్ల కూలి మనిషే. ఇంత జరిగాక మిల్లు యజమాని అదే చానలులో మాట్లాడుతూ, డ్రైవర్ల దూకుడు వల్ల పేదల ప్రాణాలు పోతున్నాయని, కఠినంగా శిక్షించాలని కోరాడు. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడం అంటే ఇదే.

సాయంత్రం ఇంటికి వచ్చి ఆ వీడియో మళ్లీ చూశాను. అందరిలాగే నేనూ మొదట వ్యానునే చూశాను. నాలుగోసారో ఐదోసారో, వ్యాను రాకముందున్న భాగం మీద దృష్టి పడింది. అందులో పెంచలమ్మ ఉంది. కొంగు నడుముకు చుట్టి, తల మీద తువ్వాలు వేసుకుని వడ్లు తిరగేస్తూ, కల్వర్టు వైపు నడిచి దృశ్యంలోంచి తప్పుకుంటుంది. ఆ తర్వాత వ్యాను వస్తుంది. ఆమె నడక చూస్తే నాకు ఏదో తేడాగా అనిపించింది.

వడ్లు తిరగేయడం చూడనివారికి ఈ మాట అర్థం కాదు. ఎండబోసిన వడ్లలో నడిచే మనిషి కాలు ఎత్తి అడుగు వేయడు. పాదాలు నేలకు ఆనించి ఈడ్చుకుంటూ పోతాడు. ఒక్కో పాదం వెనక ఒక్కో చాలు పడుతుంది. అడుగున ఉన్న తేమ గింజ పైకి వస్తుంది, పైన ఎండిన గింజ కిందికి పోతుంది. ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి. త్వరపడితే గింజ చెదిరి మట్టిలో పడుతుంది, యజమాని చేత మాట పడాలి. అందుకే ఆ పనిలో ఎవరూ తొందరపడరు. మా అమ్మ బుచ్చిరెడ్డిపాలెంలో మా కళ్లంలో అలా నడుస్తుంటే, చూస్తున్న మాకు కునుకు వచ్చేది. అంత నెమ్మది. ఈ వీడియోలో పెంచలమ్మ కాలే ఇసుక మీద పోతున్నట్టు చకచకా పోతోంది. పాదాలు మాత్రం ఈడుస్తూనే ఉంది. పాదాలు ఈడుస్తూ అంత వేగంగా నడవడం మనిషి వల్ల కాదు.

అంటే వేగం ఆమెది కాదు, వీడియోది. ఆమె నడక అంత పెరిగిందంటే వ్యాను కూడా అంతే పెరిగి ఉండాలి. జిల్లాలో ఇన్ని వేలమంది చూశారు. అందరూ చంపిన బండినే చూశారు గానీ, చచ్చిపోయిన మనిషిని ఒక్కరూ చూడలేదు.

మరునాడు ఉదయమే పంక్చరు షాపుకు వెళ్లాను. షాపు మస్తాన్ అనే ఆయనది. మిల్లు లారీల టైర్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. అందువల్ల మొదట తటపటాయించాడు. కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టెను పోలీసులు చూశారా అని అడిగితే, వాళ్లెవరూ రాలేదని, చానలు అబ్బాయి వచ్చి ఫోనులోకి ఎక్కించుకుపోయాడని చెప్పాడు. చివరికి, చూసుకోండి సార్, నా పేరు మాత్రం రాయబాకండి అన్నాడు. పేరు రాయక తప్పదని ముందే చెప్పాను. సరే కానీండి అని తెర నా వైపు తిప్పాడు.

అసలు దృశ్యంలో మూల మీద గడియారం ఉంది. చానలువాళ్ల ఎర్ర పట్టీ సరిగ్గా దాని మీదే కూర్చుంది. ఆ పెట్టె, చోటు కలిసిరావడానికి, సెకనుకు పన్నెండు బొమ్మలు మాత్రమే దాచుకునేలా పెట్టి ఉంది. చానలు అబ్బాయి దాన్ని మార్చి ఫోనులోకి ఎక్కించినప్పుడు, అవే బొమ్మలు సెకనుకు ఇరవై ఐదు చొప్పున తిరిగాయి. రెండు సెకన్లకు పైగా జరిగిన పని ఒక్క సెకనులో అయిపోయినట్టు కనిపించింది. నేను బొమ్మలు ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టాను. వ్యాను స్తంభం నుంచి గోడ దాకా రావడానికి యాభై బొమ్మలు పట్టాయి. సెకనుకు ఇరవై ఐదు అనుకుంటే రెండు సెకన్లు. సెకనుకు పన్నెండే కనుక నాలుగు సెకన్ల మీద కొంచెం. యాభై మీటర్లను దాంతో భాగించి హెచ్చవేస్తే గంటకు నలభై మూడు కిలోమీటర్లు వచ్చింది. పెంచలమ్మ కూడా ఆ తెర మీద నెమ్మదిగా, పద్ధతిగా, చాలు తరవాత చాలు వేసుకుంటూ నడిచింది. దూరం తప్పు కాదు, భాగహారం తప్పు కాదు. కాలమే తప్పు. దూరాన్ని కొలవడానికి ఇద్దరు కానిస్టేబుళ్లను ఎండలో నిలబెట్టినవాళ్లు, కాలం ఎక్కడి నుంచి వచ్చిందో అడగడానికి రోడ్డు దాటి షాపులోకి రాలేకపోయారు.

సర్కిల్ గారికి అక్కడి నుంచే ఫోను చేశాను. ఆయన వచ్చారు. అది చెప్పుకోవాలి. తనే కూర్చుని గడియారం చూస్తూ బొమ్మలు లెక్కపెట్టారు. రెండుసార్లు లెక్కపెట్టారు. ముఖం ఎర్రబడింది. పెట్టెను పద్ధతి ప్రకారం సాక్షుల ముందు స్వాధీనం చేసుకున్నారు. బయటికి వచ్చాక మాత్రం, పై అధికారి పత్రికల ముందు చెప్పిన అంకెను నేనెలా మార్చను సార్ అని నన్నే అడిగారు. అప్పుడే నాకు అసలైన కోపం వచ్చింది. తెలియక వేసిన లెక్కను క్షమించవచ్చు. తప్పని తెలిశాక, పెద్దవాడి నోటి నుంచి వచ్చిందని దాన్ని మోయడం ఏం ఉద్యోగం? నలభై మూడును తొంభై అని రాసినా పై అధికారి జీతంలో ఏమీ తగ్గదు. దేవదానానికి మాత్రం జైలు, లైసెన్సు రద్దు, జీవితాంతం హంతకుడన్న పేరు. ఈ మాటలన్నీ ఆ షాపు ముందే ఆయనతో అనేశాను. ఆయన పెట్టెను జీపులో పెట్టించుకుని వెళ్లిపోయారు.

మా పై అధికారి కూడా ఆ సాయంత్రం ఫోను చేశారు. మిల్లు వైపు నుంచి ఎవరో ఆయనకు చెప్పినట్టున్నారు. బ్రేకులు బాగున్నాయి కదా, వాక్యం కింద సంతకం చేసి పంపండి, వేగంతో మనకేం పని, ఫారంలో దానికి గడి లేదుగా అన్నారు. గడి లేదన్నది నిజం. అందుకని ఫారంలో నా వాక్యం కింద సంతకం చేసి, దానికి వేరే మూడు కాగితాలు జతచేశాను. వేగం గంటకు నలభై మూడు అని, అది ఆ రోడ్డుకు తగిన వేగమేనని, రోడ్డు మీద సగానికి పైగా పరచిన ధాన్యం వల్ల దారి ఇరుకై, బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారాయని, ఆ ధాన్యం ఫలానా మిల్లుదని స్థానికులు చెప్పారని రాశాను. ఆయన మళ్లీ ఫోను చేయలేదు. పదవీ విరమణ రోజు సన్మాన సభకు కూడా రాలేదు. అందుకు నేను బాధపడలేదు.

పోలీసులు అభియోగ పత్రంలో తొంభైనే ఉంచారు. నా కాగితాలు మాత్రం తీసేయలేకపోయారు. ఆ కేసు సాగి సాగి సాక్ష్యం దాకా వచ్చేసరికి నా ఉద్యోగం ఆఖరి నెలల్లోకి వచ్చింది. ఈలోగా దేవదానం బెయిలు మీద వచ్చినా, లైసెన్సు సస్పెన్షనులో ఉండిపోయింది. ఐసు ఫ్యాక్టరీవాళ్లు వేరే డ్రైవర్ని పెట్టుకున్నారు. అతను పట్టపుపాలెంలో ఐసు దింపే కూలికి కుదిరాడు. తను నడిపిన వ్యానులోంచే దిమ్మెలు దింపేవాడు.

కోర్టులో రెండు వీడియోలూ వేశారు. ముందు చానలుది, తర్వాత అసలుది. వ్యానును కాకుండా ఆమె నడకను చూడమని మేజిస్ట్రేటు గారిని కోరాను. ఆయన చూశారు. ఇంకోసారి వేయమన్నారు. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద పెంచలమ్మ చెల్లెలు చెంగమ్మ కూర్చుని ఉంది. ఆమె కూడా చూసింది. తర్వాత నా గణితం గురించి ప్రభుత్వ వకీలు చాలా ప్రశ్నలు అడిగాడు. నేను టేపు దూరం ఆయన పక్షానిదే తీసుకున్నానని, కాలం మాత్రం గడియారం నుంచి తీసుకున్నానని చెప్పాను. ఆయన కూర్చున్నాడు. కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. అతివేగం రుజువు కాలేదు. దేవదానాన్ని వదిలేశారు. తీర్పులో వడ్ల గురించి ఒక్క వాక్యం ఉంది. రోడ్లపై ధాన్యం ఆరబెట్టడం పట్ల సంబంధిత శాఖలు తగిన శ్రద్ధ వహించవలసి ఉన్నది, అని.

తీర్పు రోజున కోర్టు వరండాలో చెంగమ్మ నాకు ఎదురైంది. దేవదానం మెట్ల దగ్గర తలవంచుకుని నిలబడి ఉన్నాడు. ఆమె అతని వైపు చూసి, నా వైపు తిరిగింది.

"ఈయన్ని నేనేమీ అనను సార్. మా అక్క నడక నేనూ చూసినా. అది మా అక్కే, అది దాని నడకే. ఈయన తప్పు లేదని రాసినారు, మంచిది. మరి మా అక్కని సంపింది ఎవరని రాసినారు సార్?"

నిజం చెప్పాలంటే ఎవరూ ఏమీ రాయలేదు. నా కాగితాల నకళ్లు రోడ్ల శాఖకు, రెవెన్యూకు, పంచాయతీకి పంపాను. రోడ్ల శాఖవాళ్లు రోడ్డు గుంటలే మా పని, రోడ్డు మీది వస్తువులు పోలీసుల పని అన్నారు. పోలీసులు అది రెవెన్యూ అన్నారు. రెవెన్యూవాళ్లు పంచాయతీని చూడమన్నారు. పంచాయతీ ప్రెసిడెంటు మిల్లు యజమాని బావమరిది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ మొదటి బంతీ వాళ్లదే, కడబంతీ వాళ్లదే. ఇదంతా చెంగమ్మకు చెప్పాను. ఆమె చివరి దాకా విని, తలూపి, బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయింది.

నేను రిటైరయ్యాక ఆ దారిలో మూడు నాలుగుసార్లు పోయాను. కోతలప్పుడు ఆ బండరాళ్లు అదే వరసలో ఉంటాయి. వడ్లు అలాగే పరుస్తారు. ఎవరో ఒక మనిషి తల మీద తువ్వాలు వేసుకుని పాదాలు ఈడుస్తూ తిరగేస్తుంటుంది. ఆ చానలు వీడియో కూడా చావలేదు. ఏడాదికోసారి ఎవరో ఒకరు డ్రైవర్ల మదం చూడండి అని రాసి నాకే పంపుతారు. పంపినవాళ్లందరికీ విషయం రాసి పంపుతాను. ఇంతవరకు ఒక్కరు కూడా దాన్ని తీసేయలేదు.

ఆ కేసు నాకు నేర్పింది ఇంతే. వేగం చెప్పినవాణ్ణి, దూరం ఎంత అని మాత్రమే అడిగి వదలకూడదు, కాలం ఎవరి గడియారానిది అని కూడా అడగాలి. లెక్క తప్పితే నిరపరాధి జైలుకు పోతాడు. లెక్క సరిగ్గా వేసినంత మాత్రాన అపరాధి దొరకడు. ఇవి రెండు వేరు వేరు పనులు. మొదటిది నా ఉద్యోగం కాదన్నారు, అయినా చేశాను. రెండోది ఎవరి ఉద్యోగమో అడుగుతూనే ఉన్నాను, ఇంతవరకు ఏ ఆఫీసువాళ్లూ అది మాది అని చెప్పలేదు.